సూదిబెజ్జపు కెమెరా: వెలుగు తగ్గినచోట కాలపు లెక్క

కటకము లేకయే ఛాయాచిత్రము తీయవచ్చును. చీకటిపెట్టె యొకటి, దాని ముందుగోడకు అతికిన పలుచని రేకున సూదిమొనతో పొడిచిన బెజ్జ మొకటి, వెనుకగోడను ఫిల్ము ముక్క యొకటి యుండిన చాలును. దీనిని పిన్‌హోలు కెమెరా యందురు. మనము సూదిబెజ్జపు కెమెరా యని పిలుచుకొందము. పెట్టెను తయారుచేయుట సులభమే. కాని బెజ్జమును ఎంతసేపు తెరచియుంచవలెనో లెక్క తెలిసినగాని తేలదు. ఆ లెక్కలో ఒక చిక్కు గలదు. పదునారు సెకనులు చాలునని సాధారణ గణితము చెప్పినచోట ఫిల్ము ముప్పదిమూడు సెకనులు కోరును. రెండు నిమిషములు చాలునన్నచోట ఏడు నిమిషములు కోరును. ఇట్లేల జరుగునో, దీని నెట్లు సవరించుకొనవలెనో యీ వ్యాసమున వివరింపదలచితిమి. ఉన్నత పాఠశాల విద్యార్థులకు వచ్చిన గుణకారము, వర్గము, ఘాతము అను మూడు విషయములే దీనికి చాలును.

బెజ్జము చేయు పని

కాంతి సరళరేఖలో ప్రయాణించును. గోపుర శిఖరమునుండి వచ్చిన కిరణము బెజ్జము గుండ దూరి పెట్టెలో క్రిందిభాగమున పడును. పునాదినుండి వచ్చినది పైభాగమున పడును. అందుచేత బొమ్మ తలక్రిందులుగా ఏర్పడును. పదునొకండవ శతాబ్దిలో ఇబ్న్ అల్ హైతమ్ అను అరబ్బు విద్వాంసుడు చీకటిగదిలోనికి చిన్న రంధ్రము గుండ వచ్చు వెలుగును పరీక్షించి దృష్టిశాస్త్రమున వ్రాసియుండెను. మనకు చేరువగా హంపి విరూపాక్షాలయమున ఒక చీకటి తావులోని గోడపై రాజగోపురపు ఛాయ తలక్రిందులుగా పడుట నేటికిని యాత్రికులు చూచుచున్నారు. అక్కడ గోడలోని రంధ్రమే సూదిబెజ్జము, గదియే పెట్టె.

ప్రకృతియు ఈ పని చేయును. 2010 జనవరి 15వ తేదీన, సంక్రాంతి దినములలో, మన ప్రాంతమున వలయాకార సూర్యగ్రహణము కనిపించినది. అటువంటి గ్రహణ సమయమున చెట్లక్రింద నేలను చూచినచో ఆకుల సందులలో ప్రతియొకటియు ఒక బెజ్జమై వందలకొలది వెలుగు ఉంగరములను పరచును. సూర్యుని నేరుగ చూడరాదు గాని యీ బొమ్మలను నిర్భయముగ చూడవచ్చును.

పెట్టె, బెజ్జము, వాని నిష్పత్తి

బెజ్జము పెద్దదైనచో బొమ్మ మసకబారును. మరీ చిన్నదైనచో కాంతి అంచులవద్ద వంగి చెదరుటచే మరల మసకయే కలుగును. ఈ రెంటి నడుమ తగిన కొలతను 1891లో రేలీ ప్రభువు అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు లెక్కకట్టెను. ఆయన సూత్రము ననుసరించి, బెజ్జమునకు ఫిల్మునకు నడుమ 100 మిల్లీమీటర్ల దూరమున్న పెట్టెకు సుమారు 0.4 మిల్లీమీటరు వ్యాసముగల బెజ్జము తగినది. ఆ దూరమును వ్యాసముచే భాగించిన 250 వచ్చును. దీనినే ఛాయాచిత్రకారులు ఎఫ్ సంఖ్య యందురు. సాధారణ కెమెరాలలో వెలుతురు ద్వారమును ఎంత కుదించినను ఎఫ్ 16, ఎఫ్ 22 వరకే పోవును. మన పెట్టెది ఎఫ్ 250. 250ని 16తో భాగించి వర్గము చేసినచో 244 వచ్చును. అనగా ఎఫ్ 16 వద్ద కావలసిన కాలమునకు 244 రెట్లు కాలము మన పెట్టెకు కావలెను.

కోవిల్పట్టి, సాత్తూరు, శివకాశి ప్రాంతముల పిల్లలకు అగ్గిపెట్టె కరవులేదు. ఖాళీ అగ్గిపెట్టెతోను కెమెరా చేయవచ్చును. దాని లోతు పండ్రెండు మిల్లీమీటర్లు, బెజ్జము 0.15 మిల్లీమీటరు అనుకొన్నచో ఎఫ్ సంఖ్య 80. మంచి యెండలో దానికి సెకనులో అయిదవ వంతు చాలును; చేతితో మూత తెరచి మూయునంతలో ఆ కాలము దాటిపోవును. కనుక అగ్గిపెట్టె కెమెరా అరుగులకు, నీడలకు తగినది. మంచి యెండలో తీయుటకును, లెక్క నేర్చుకొనుటకును పెద్దపెట్టెయే మేలు.

బున్సెన్ చెప్పిన నియమము

మన ప్రయోగశాలలలోని బర్నరుకు పేరిచ్చిన బున్సెన్, ఆయన సహచరుడు రాస్కో కలసి 1862లో ఒక నియమమును ప్రకటించిరి. కాంతిచే కలుగు రసాయనిక మార్పు వెలుగు తీవ్రత, కాలము అను రెంటి లబ్ధముపై ఆధారపడునని దాని భావము. వెలుగు సగమైనచో కాలమును ఇనుమడింపవలెను. నాల్గవ వంతైనచో నాలుగు రెట్లు చేయవలెను. దీనికి రెసిప్రాసిటీ నియమమని పేరు. ఒకటి తగ్గినదానిని రెండవది పూరించును గనుక మనము పరస్పర నియమ మనవచ్చును.

ఈ నియమమునుబట్టి ఎండలోని లెక్క యిట్లుండును. 125 ఐఎస్ఓ వేగముగల ఫిల్మునకు నడియెండలో ఎఫ్ 16 వద్ద సెకనులో 125వ వంతు కాలము తగునని ఛాయాచిత్రకారుల వాడుక. దానిని 244తో గుణించినచో సుమారు 2 సెకనులు. ఆకాశము బాగుగా కనిపించు నీడలో వెలుగు ఎనిమిదవ వంతే యుండును గనుక 16 సెకనులు. ఇంతవరకు లెక్క నిర్దుష్టమే. అయినను నీడలో 16 సెకనులు తెరచి తీసిన ఫిల్మును కడిగిచూచినచో అది పలుచగా, వివరములు లేక యుండును.

నియమ మెందుకు తప్పును?

ఈ లోపము మొదట బాగుగా బాధించినది ఖగోళశాస్త్రజ్ఞులనే. నక్షత్రముల వెలుగు అత్యల్పము. పలకను గంటలకొలది తెరచియుంచినను రావలసినంత నలుపు రాలేదు. వియన్నాలోని కుఫ్‌నర్ వేధశాలలో పనిచేసిన కార్ల్ ష్వార్జ్‌షీల్డ్ ఈ లోపమును కొలిచి 1900లో ప్రకటించెను. కాలమును ఉన్నదున్నట్లుగాక దాని నొక ఘాతమునకు పెంచి లెక్కింపవలెనని ఆయన తేల్చెను. ఈయనయే తరువాత 1916లో కృష్ణబిలములకు మూలమైన సమీకరణ సాధనను ప్రకటించెను.

తెలుగునాటను ఈ విద్యకు చోటు గలదు. హైదరాబాదులోని నిజామియా వేధశాల ఆకాశమునంతను ఛాయాచిత్రములుగా తీసి నక్షత్ర పట్టికను కూర్చు అంతర్జాతీయ కార్యమున పాల్గొని అనేక సంవత్సరములు పలకలు తీసినది. ఆ నగరమున పెరిగి అమెరికాకు చదువబోయిన వేణు బప్పు 1949లో హార్వర్డున తీసిన ఛాయాచిత్ర ఫలకముపై ఒక కొత్త తోకచుక్కను గుర్తించెను. మందమైన వెలుగును ఫిల్ము ఎట్లు కూడబెట్టునన్న ప్రశ్న అట్టివారి కంతటికిని నిత్యకృత్యమైన ప్రశ్న.

కారణమును 1938లో గర్నీ, మాట్ అను శాస్త్రజ్ఞులు వివరించిరి. ఫిల్ముపైన వెండి లవణపు అతిసూక్ష్మ స్ఫటికములుండును. కాంతికణము తగిలినపుడు స్ఫటికమున ఒక వెండి పరమాణువు ఏర్పడును. కాని ఒంటిగా నున్న పరమాణువు నిలువదు. కొలదికాలములో మరల లవణములో కలసిపోవును. అది పోకమునుపే రెండవది వచ్చి చేరినచో జంట నిలుచును. అట్లు ఇంచుమించు నాలుగు పరమాణువులు ఒకచోట కూడినపుడే కడుగు ద్రావణము ఆ స్ఫటికమును పట్టి నల్లబరచును. వెలుగు ధారాళముగ నున్నపుడు కణములు వెంటవెంట వచ్చును. వెలుగు మందమైనపుడు రెండవది వచ్చులోపల మొదటిది పోవును. చేసిన పని వ్యర్థమగును.

నల్లరేగడి చేలలో సేద్యము చేయు పెద్దలకు దీనిని చెప్పనక్కరలేదు. ఆశ్వయుజ కార్తికములలో రెండంగుళముల వాన ఒక్క రాత్రి కురిసినచో చేనికి పదును కలిగి విత్తనము మొలకెత్తును. అదే రెండంగుళములు నెల దినములు తుంపరలుగా పడినచో నిన్నటి తడి నేటి గాలికి ఆరిపోవును. కురిసిన నీటి మొత్త మొక్కటే. నేల కందినది మాత్ర మొక్కటి కాదు. ఫిల్మునకు వెలుగు సంగతియు నిట్టిదే.

సవరణ చేయు విధము

ఎంత వ్యర్థమగునన్నది ఫిల్మునుబట్టి మారును. తయారీదారులు తమ ఫిల్మునకు తగిన ఘాతమును ప్రకటింతురు. ఇల్ఫర్డు వారి ఎఫ్‌పి 4 ప్లస్ అను 125 ఐఎస్ఓ ఫిల్మునకు ఆ ఘాతము 1.26, వారి హెచ్‌పి 5 ప్లస్ అను 400 ఐఎస్ఓ ఫిల్మునకు 1.31. ఫ్యూజీ వారి అక్రాస్ 2 ఫిల్మునకు 120 సెకనులవరకు సవరణయే అక్కరలేదు. డిజిటల్ కెమెరాలోని సెన్సారునకు ఈ లోపము లేదు.

సూత్ర మిది: పరస్పర నియమమునుబట్టి వచ్చిన కాలమును సెకనులలో వ్రాసి, దానిని ఆ ఘాతమునకు పెంచవలెను. వచ్చినదే సవరించిన కాలము. ఈ సూత్రము ఒక సెకనుకు మించిన కాలములకే వర్తించును. చేతిఫోనులోని లెక్కల యంత్రమున ఘాతపు మీట యున్నది. అది లేనివారికి ఒక సులువు గలదు. 2ను 1.26 ఘాతమునకు పెంచిన సుమారు 2.4 వచ్చును. అనగా లెక్క కాలము రెండింత లగునపు డెల్లను సవరించిన కాలము 2.4 రెట్లగును. ఒకటితో మొదలిడి వరుసగా గుణించుకొనుచు పోయిన పట్టిక తయారగును. ఎఫ్‌పి 4 ప్లస్ ఫిల్మునకు ఆ పట్టిక యిది:

లెక్క కాలము 1 సెకను: సవరించినది 1 సెకను
2 సెకనులు: 2.4 సెకనులు
4 సెకనులు: 5.7 సెకనులు
8 సెకనులు: 13.7 సెకనులు
16 సెకనులు: 33 సెకనులు
32 సెకనులు: 79 సెకనులు
64 సెకనులు: 3 నిమిషముల 9 సెకనులు
128 సెకనులు: 7 నిమిషముల 32 సెకనులు
256 సెకనులు: 18 నిమిషములు

నడుమ వచ్చు కాలములకు నడుమ విలువలను తీసికొనవచ్చును. 24 సెకనులకు 55 సెకనులు వచ్చును. ఈ పట్టికను చిన్న అట్టపై వ్రాసి పెట్టె వెనుక అతికించుకొన్నచో బయట తడబాటుండదు.

ఇక్కడ వరుసక్రమము ముఖ్యము. ముందు 244తో గుణించి, పిమ్మట ఘాతమునకు పెంచవలెను. ఎఫ్ 16 వద్ద సెకనులో 15వ వంతు కాలము వచ్చినదనుకొందము. ఇది ఒక సెకనుకు తక్కువ గనుక సవరణ అక్కరలేదని తలచి, దానిని 244తో గుణించి 16 సెకనులతో విరమించువారు కలరు. అది తప్పు. ఫిల్మునకు తెలిసినది తనపై పడు మందపు వెలుగే గాని ఎఫ్ 16 వద్ద వచ్చిన అంకె కాదు. 16 సెకనులు వచ్చిన పిమ్మట సవరించి 33 సెకనులు చేయవలెను. కొన్ని ఫోను ఆప్‌లు సవరణను తామే చేసి చెప్పును. అట్టి యెడ మనము మరల సవరించినచో రెండుసార్లు సవరించినట్లగును.

మూడు ఉదాహరణములు

కోవిల్పట్టికి పడమట కళుగుమలై యున్నది. అచటి వెట్టువాన్ కోవెల పాండ్యుల కాలమున, ఎనిమిదవ శతాబ్దిలో, కొండను పైనుండి క్రిందికి తొలిచి చెక్కిన ఏకశిలాలయము. పని పూర్తికాకయే నిలిచిపోయినది. నడియెండలో దీనిని తీయుటకు లెక్క కాలము 2 సెకనులు, సవరించినది 2.4 సెకనులు. తేడా స్వల్పము. ఇంత తక్కువ కాలమున మన చేతివేగము తెచ్చు తప్పే సవరణకంటె ఎక్కువ.

ఆ కొండపైననే జైన తీర్థంకరుల శిల్పములు బండకు చెక్కబడి యున్నవి. బండ నీడలో నున్నవేళ లెక్క కాలము 16 సెకనులు; సవరించినది 33. ఇక్కడ సవరణ మరచినచో ఫిల్మునకు కావలసిన కాలములో సగమే అందును.

మూడవది విరుదునగరము వంటి వర్తకపు పట్టణములోని మిరపకాయల గిడ్డంగి అనుకొందము. కిటికీనుండి వచ్చు వెలుగే దిక్కు. ఫోను ఆప్ ఎఫ్ 16 వద్ద అర సెకను చూపినది. 244లో సగము 122 సెకనులు. దానిని 1.26 ఘాతమునకు పెంచిన 425 సెకనులు, అనగా ఏడు నిమిషములకు పైమాట. ఇక్కడ సవరణ లేనిచో మూడింట ఒక వంతుకంటె తక్కువ కాలమే అందును. మూలలలోని బస్తాలు నెగటివున కానరావు. ఏడు నిమిషములలో పది సెకనులు అటునిటైనను బాధలేదు. ఆ నడుమ ఒకరు పెట్టె ముందునుండి నడచిపోయినను వారి జాడ కనిపింపదు. నిలిచియున్న వస్తువే బొమ్మయగును.

మరికొన్ని జాగ్రత్తలు

ఒకే చిత్రములో వెలుగుభాగమును నీడభాగమును ఉండును గదా. నీడభాగమున వెలుగు మరింత మందము గనుక అక్కడ నష్టము మరింత అధికము. అందుచే దీర్ఘకాలపు చిత్రములలో తెలుపు నలుపుల వ్యత్యాసము పెరుగును. కడుగు కాలమును కొంచెము తగ్గించి దీనిని సరిచేయుదురు. పెట్టె మూలలకు వెలుగు దూరముగ, ఏటవాలుగ చేరును గనుక అక్కడ సహజముగనే తక్కువ. 45 డిగ్రీల కోణమున నాల్గవ వంతే పడును. చిత్రపు అంచులు నల్లబడుటకు ఇది కారణము. తయారీ దోషము కాదు.

సందేహమున్నచో కాలము ఎక్కువ వైపునకే మొగ్గుట మేలు. ఎక్కువైన నెగటివు దట్టముగ నుండును. దానినుండి బొమ్మ తీయవచ్చును. ఫిల్ముపై పడనే పడని వివరమును ఏ ముద్రణయు తిరిగి తేలేదు. ఘాతము తెలియని ఫిల్మైనచో లెక్క కాలమునకు ఒకటి, దానికి రెండింతలకు ఒకటి, నాలుగింతలకు ఒకటి చొప్పున మూడు బొమ్మలు తీసి పోల్చవలెను. ఇట్టి ఫిల్మును పెట్టెలో అమర్చునపుడు ఎర్రదీపమును పనికిరాదు. పూర్తి చీకటి కావలెను. పెట్టెను బల్లపైననో బండపైననో బరువు పెట్టి నిలుపవలెను గాని చేతితో పట్టుకొనరాదు. అగ్గిపుల్లల కర్మాగారములు, బాణసంచా శాలలు వంటి చోట్లకు ఈ పనికై పోరాదు.

తీసిన ప్రతి బొమ్మకును ఒక పుస్తకమున తేదీ, వేళ, వెలుగు తీరు, ఫిల్ము పేరు, లెక్క కాలము, సవరించిన కాలము, ఫలితము వ్రాసియుంచుట మిక్కిలి అవసరము. పది బొమ్మలు తీయునప్పటికి మీ పెట్టెకు తగిన పట్టిక మీకే యేర్పడును. తయారీదారుని ఘాతము మొదటి మెట్టు మాత్రమే.

తలిదండ్రులకు ఒక మాట

ఇది వినోదము కోసమేనా యని కొందరు తలిదండ్రు లడుగవచ్చును. ఫిల్ము ధర నేడు స్వల్పము కాదు. అందుచేతనే లెక్క ముఖ్యమని మా మనవి. లెక్కించి తీసిన నాలుగు బొమ్మలు ఊహించి తీసిన ఇరువదింటికంటె విలువైనవి.

మన గ్రామములలో తెలుగు మాటలాడు పెద్దలు, వారి అరుగులు, దూలములు, పాత గాదెలు నానాటికి తరుగుచున్నవి. అవ్వను అరుగుపై స్తంభమునకు ఆనుకొని కూర్చుండబెట్టి ముప్పదిమూడు సెకనులు కదలకుండుమని అడుగవచ్చును, ఆమె కాదనదు. పదునారు సెకనులకే మూత వేసి బొమ్మ పాడుచేసి, మరల కూర్చుండుమని యడుగుట తగదు. అందులోను కొన్ని చోట్ల రెండవ అవకాశ ముండదు. కూల్చబోవు ఇంటి నడవకు రేపు లేదు.

బొమ్మ వచ్చిన పిదప దాని వెనుక ఆ అవ్వ పేరు, ఊరు, ఆ ఇంట ఆయా భాగములను మనవారు పిలుచుకొను తెలుగు మాటలు తెలుగక్షరములలో వ్రాసియుంచుడు. దూలమును బొమ్మ చూపును. దాని పేరును వ్రాత నిలుపును. ఈ రెండును చేరినపుడే మీరు లెక్కించిన ఆ ముప్పదిమూడు సెకనులకు పూర్తి ఫలము.